తగిన ఇల్లు



చిత్తకార్తె వెళ్లిన రెండు నెలలకి, వాకిట్లో ధనుర్మాసం ముగ్గులు పడే రోజులకి, మన వీధుల్లో కుక్కలు ఈనుతాయి. ఆగి ఉన్న కారు కింద, కడుతున్న ఇంటి ఇసుక కుప్ప పక్కన, మూసేసిన కొట్టు మెట్ల కింద నాలుగేసి, ఐదేసి పిల్లలు కనిపిస్తాయి. సంక్రాంతి నాటికి అవి కళ్లు తెరిచి, కాళ్లు నిలదొక్కుకుని రోడ్డు మీదికొస్తాయి. పండక్కి ఊళ్లోకి బళ్లు కూడా ఎక్కువే వస్తాయి. కనుమ వెళ్లేసరికి ఎన్ని మిగులుతాయో మీ వీధిలో మీరూ చూసే ఉంటారు. మిగిలినవాటిలో ఒకదాన్ని ఏ పిల్లాడో చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి తెస్తాడు. వాళ్లమ్మ ముందు కసురుకుంటుంది. తరవాత గిన్నెలో కాసిని పాలు పోస్తుంది. సాయంత్రానికి "నాలుగు రోజులు చూసి ఎవరికైనా ఇచ్చేద్దాం" అంటుంది.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ నాలుగు రోజుల తరవాతి సంగతి. విజయవాడలో కొందరు మిత్రులతో కలిసి చాలాకాలంగా వీధికుక్కల్ని కాపాడి ఇళ్లు చూసే పని చేస్తున్నాను. దెబ్బ తగిలిన కుక్కని ఆసుపత్రికి చేర్చడానికి నలుగురు ముందుకొస్తారు. మందులకి డబ్బు సర్దేవాళ్లూ ఉంటారు. దానికి ఇల్లు చూడాల్సిన వేళకి మాత్రం అందరికీ తొందర. మొదట అడిగినవాళ్ల చేతిలో పెట్టేసి హమ్మయ్య అనుకుంటారు. పిల్లకి సంబంధం చూసినట్టు చూడాలంటాను నేను. విచారించాలి, వెళ్లి చూసి రావాలి, మన వైపు లోపాలు దాచకుండా చెప్పాలి, ఇచ్చాక కూడా రాకపోకలు ఉండాలి.

అసలు వీధిలో కనిపించిన ప్రతి కుక్కకీ ఇల్లు అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉండి, నలుగురూ పెట్టే అన్నం తింటూ, తన వీధిలో తాను తిరిగే పెద్ద కుక్కకి కావాల్సింది కుటుంబ నియంత్రణ ఆపరేషను, రేబిస్ టీకా. ఆపరేషన్ అయిందనడానికి చెవి అంచున చిన్న గాటు పెట్టి, పట్టుకొచ్చిన చోటే వదిలిపెడతారు. 1960ల్లో మద్రాసు బ్లూ క్రాస్ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2001లో దేశమంతటికీ నిబంధనలుగా వచ్చింది, 2023లో ఆ నిబంధనల్ని మళ్లీ కొత్తగా రాశారు. కుక్కపిల్లల విషయంలోనూ అంతే. తల్లి దగ్గర పాలు తాగుతున్న పిల్లల్ని ముద్దొస్తున్నాయని ఎత్తుకురావద్దు. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర, తోడబుట్టినవాటి మధ్య పెరగనివ్వాలి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో అవి నేర్చుకునేది ఆ గుంపులోనే. ముందే విడదీస్తే ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటాయి.

ఇల్లు కావాల్సింది తిరిగి వీధిలోకి వెళ్లలేనివాటికి. తల్లి చచ్చిపోయిన పిల్లలు, కాలో కన్నో పోయిన కుక్కలు, ఇళ్లల్లో పెరిగి ఎవరో కారులో తెచ్చి హైవే పక్కన వదిలేసినవి. పెంచిన జంతువుని అలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

2025లో సుప్రీంకోర్టులో వీధికుక్కల కేసు మీద పత్రికలన్నీ రాశాయి. ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని వచ్చిన ఉత్తర్వుని ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సవరించింది. కరిచే స్వభావం ఉన్నవి, రేబిస్ సోకినవి, సోకిందని అనుమానం ఉన్నవి తప్ప మిగిలినవాటిని టీకా వేసి, ఆపరేషన్ చేసి తెచ్చిన చోటే వదలమంది. వాదోపవాదాల హోరులో ఆ ఉత్తర్వులోని ఒక అంశం చాలామంది చెవిన పడలేదు. ఇష్టమున్నవాళ్లు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కని దత్తత తీసుకోవచ్చు. తీసుకున్నాక అది మళ్లీ రోడ్డెక్కకుండా చూసే పూచీ వాళ్లదే. ఆ నెలలోనే హైదరాబాదు నగరపాలక సంస్థ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. మన పట్టణాలన్నిటిలోనూ ఏటా ఇలాంటివి జరగాలని నా కోరిక.

ఇక రేబిస్ సంగతి. దాన్ని పక్కన పెట్టి కుక్కల గురించి ప్రేమగా మాట్లాడటం నాకు సమ్మతం కాదు. మన దేశంలో ఏటా 18 వేల నుంచి 20 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టినవాళ్లు దాదాపు లేరు. అందుకే రక్షించిన కుక్కని ఇంకొకరి ఇంటికి పంపే ముందు టీకా వేయించడం మన బాధ్యత. కుక్కపిల్లలకి మూడు నెలలు నిండాక మొదటి టీకా, తరవాత బూస్టరు, ఆపైన ఏడాదికోసారి. తీసుకెళ్లేటప్పటికి మూడు నెలలు నిండకపోతే, టీకా తేదీ కాగితం మీద రాసిచ్చి, ఆ రోజు ఫోన్ చేసి గుర్తు చెయ్యాలి. చిన్న పిల్లే కదా అని పంటిగాటుని తేలిగ్గా తీసుకోవద్దు. కరిచినా, రక్కినా ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు ఏవీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి, టీకా అక్కడ ఉచితంగా వేస్తారు. ఇంటికి కుక్కని తీసుకెళ్లే ప్రతి కుటుంబానికీ ఈ మాట ముఖాముఖి కూర్చుని చెబుతాం. భయపడి వెనక్కి తగ్గేవాళ్లు తగ్గుతారు. తగ్గనివ్వండి.

కుక్కపిల్లల ప్రాణం తీసే ఇంకో జబ్బు పార్వో. నిన్నటిదాకా గెంతిన పిల్ల ఇవాళ తిండి మానేస్తుంది, వాంతులు, నెత్తురు విరేచనాలు, రెండు మూడు రోజుల్లో చేతుల్లోంచి జారిపోతుంది. రోడ్డు మీద తెచ్చిన పిల్ల ఒంట్లో ఆ వైరస్ ఉందో లేదో మొదటిరోజు ఎవరూ చెప్పలేరు. రెండు వారాలు వేరుగా ఉంచి, నట్టల మందు వేసి, మొదటి టీకా పడ్డాకే కొత్త ఇంటికి పంపడం మేలు. కొత్త ఇంట్లో ఈ మధ్య ఏదైనా కుక్కపిల్ల ఇలా చనిపోయిందా అని కూడా అడగాలి. ఆ వైరస్ పెరటి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. పాత పిల్ల పోయిన దుఃఖంలో వెంటనే ఇంకోదాన్ని తెచ్చుకుని, దాన్నీ పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లల్లో పిల్లలు ఏడ్చిన ఏడుపు విన్నాక ఈ ప్రశ్న అడగకుండా ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు.

తరవాత నలుగురికీ తెలియజెయ్యడం. నెత్తురు కారుతున్న ఫొటో పెట్టి, "ఈ మూగజీవిని కాపాడండి" అని రాస్తే వంద ఫోన్లు వస్తాయి. అవి జాలితో వచ్చే ఫోన్లు. జాలితో తీసుకెళ్లినవాళ్లకి ఆ జాలి తీరగానే కుక్క బరువవుతుంది. గాయం మానాక, పగటి వెలుతురులో, నేల మీద కూర్చుని, దాని కళ్ల ఎత్తులో ఫొటో తియ్యండి. దాని గుణగణాలు రాయండి. ఎంత ఎత్తు పెరుగుతుంది, ఒంటరిగా ఉంటే మొరుగుతుందా, పిల్లలతో ఎలా ఉంటుంది, పిల్లిని చూస్తే ఏం చేస్తుంది. అన్నం గిన్నె దగ్గర ఎవరైనా చెయ్యి పెడితే గుర్రుమంటుందా? ఆ మాటా రాయాలి. వీధిలో ఆకలి ఎరిగిన కుక్కల్లో చాలావాటికి ఆ అలవాటుంటుంది. తెలిసి తీసుకెళ్లినవాళ్లు తింటున్నప్పుడు దాని జోలికి పోరు. తెలియకపోతే మొదటి వారంలోనే ఇంట్లో పిల్లాడి చెయ్యి గీరుకుంటుంది, కుక్క వీధిలో పడుతుంది.

ఫోన్ చేసినవాళ్లు ముందడిగే ప్రశ్న "మగదా, ఆడదా?" ఆడదంటే సగంమంది పెట్టేస్తారు. ఈతలో మగపిల్లలన్నీ వెళ్లిపోయాక ఆడవి, వాటిలోనూ నల్లవి, మిగిలిపోతాయి. ఏడాదికి రెండుసార్లు ఈనుతుందనీ, వీధిలో మగకుక్కలన్నీ గుమ్మం ముందు చేరతాయనీ వాళ్ల భయం. భయంలో అర్థముంది. దానికి మందు కూడా ఉంది. ఆరు నెలలు దాటాక ఆపరేషన్ చేయిస్తే ఆ బాధ ఉండదు, గర్భసంచికి చీముపట్టే జబ్బూ రాదు. ఆ ఖర్చు మేం పెట్టుకుంటామని చెప్పి ఎన్నో ఆడ కుక్కపిల్లల్ని ఇళ్లకి చేర్చాం. పెట్టాల్సిన ఖర్చే అది.

ఒక కుక్క గురించి కాస్త వివరంగా చెబుతాను. గోధుమరంగు ఆడకుక్క, నాలుగేళ్లు ఉంటాయని డాక్టరు గారి అంచనా. బందరు రోడ్డు మీద బండి గుద్ది వెనక కాలు విరిగింది. ఎముకలో రాడ్డు వేశారు. నడుస్తుంది గానీ పరిగెత్తలేదు. పరిగెత్తలేని కుక్కని బందరు రోడ్డు మీద ఎలా వదులుతాం? గౌరి అని పేరు పెట్టుకున్నాం. పెద్ద కుక్క, పైగా కుంటిది, ఎవరడుగుతారని అందరూ అన్నారు.

గుడివాడ నుంచి ఒక రిటైరైన మాస్టారు ఫోన్ చేశారు. పిల్లలు అమెరికాలో. ఇంట్లో భార్యాభర్తలిద్దరే. తోడుగా కుక్కపిల్లని పెంచుకోమని కొడుకు పోరు పెడుతున్నాడట. వాళ్లింటికి వెళ్లి కూర్చుని మాట్లాడాను. "పిల్లయితే చెప్పినట్టు పెరుగుతుంది. పెద్దది మా మాట వింటుందామ్మా?" అన్నారాయన.

"మాస్టారూ, పిల్లయితే రాత్రి రెండింటికి లేచి బయటికి తీసుకెళ్లాలి. చెప్పులు కొరుకుతుంది, పరుగు పరుగున వచ్చి కాళ్లకి అడ్డం పడుతుంది. ఈ వయసులో మీరు కింద పడితే ఎలా? అది పదమూడు, పద్నాలుగేళ్లు బతుకుతుంది. గౌరి అయితే పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి మీతో నెమ్మదిగా నడుస్తుంది. మీ నడకా, దాని నడకా ఒకటే."

మాస్టారి భార్య అప్పటిదాకా మాట్లాడలేదు. కాఫీ గ్లాసులు తీస్తూ, "వంటింట్లోకి, దేవుడి గదిలోకి రానివ్వను. వరండాలోనే పడుకోవాలి. మేం తిరుపతి వెళ్తే ఎవరు చూస్తారో ముందు చెప్పండి. అన్నీ తేల్చుకున్నాకే తీసుకురండి" అన్నారు. ఆ మాటలు విని నాకు సంతోషం వేసింది. అన్నిటికీ సరేననేవాళ్లని చూస్తేనే నాకు బెంగ. తన ఇంటి పద్ధతి ఇదీ అని ముందే చెప్పేవాళ్లు కుక్కని నిజంగా తమ ఇంట్లో ఊహించుకుంటున్నారన్నమాట. ఎవరు కడుగుతారు, ఎవరు పెడతారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని వాళ్లు లెక్క చూసుకుంటున్నారు. ఏ ఇంట్లోనైనా చివరికి ఆ పని చేసేది ఎవరో వాళ్ల నోటి నుంచి సరేననే మాట రావాలి. భర్త మోజు మీద, పిల్లల మారాం మీద ఇచ్చిన కుక్కలు నిలవవు.

గౌరిని తీసుకెళ్లిన రోజు. మట్టి మీద, తారు మీద బతికిన కుక్కకి ఇళ్లల్లో టైల్స్ ఎలా తెలుస్తాయి? గుమ్మం దాటి రెండడుగులు వేసింది. గోళ్లు టకటకమన్నాయి, రాడ్డు వేసిన కాలు పక్కకి జారింది. నాలుగు కాళ్లూ బిగబట్టి, తోక కడుపు కిందికి లాక్కుని నిలబడిపోయింది. మాస్టారు బిస్కెట్టు చూపించి రా రమ్మన్నారు, రాలేదు. ఆవిడ లోపలికెళ్లి రెండు గోనెసంచులు తెచ్చి, మడత విప్పి, దాని ముందు నుంచి వరండా మూల దాకా పరిచారు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అది సంచి మీద ఒక కాలు పెట్టి చూసుకుంది, రెండోది పెట్టింది, అలాగే మూల దాకా నడిచి గోడకి ఆనుకుని కూలబడింది. ఆ సంచులు పరిచిన చేతిని చూశాక మాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.

ఆ దేవుడి గదిలో దత్తాత్రేయుడి పటం ఉంది, ఆయన పాదాల చుట్టూ నాలుగు కుక్కలతో. మడీ ఆచారం ఉన్న ఇంట్లో కుక్క ఎలా ఇముడుతుందని అడిగేవాళ్లకి ఆ పటం గుర్తు చేస్తుంటాను. నన్నయ గారి భారతం కథలోకి అడుగుపెడుతూనే సరమ వస్తుంది. జనమేజయుడి తమ్ముళ్లు యాగం దగ్గర తన బిడ్డని ఏ తప్పూ లేకుండా కొట్టారని, తల్లికుక్క రాజునే నిలదీస్తుంది. మహాభారతం చివర్లో ధర్మరాజు, వెంట నడిచొచ్చిన కుక్కని విడిచి స్వర్గానికి రానంటాడు. ఇంత భారతం విన్న జాతికి వరండాలో ఒక మూల ఇవ్వడం కష్టం కాకూడదు.

మేం కాదన్నవాళ్లూ ఉన్నారు. తోటకి కాపలాకి కావాలి, గొలుసు వేసి కట్టేస్తాం అన్నవాళ్లకి ఇవ్వలేదు. అద్దె ఇంట్లో ఉంటూ ఇంటివాళ్లని అడగనివాళ్లకి, ముందు అడిగి రమ్మని చెప్పాం. అపార్టుమెంటు సంఘం ఒప్పుకోదని చాలామంది భయపడతారు. కుక్కని పెంచుకోవద్దని నిషేధం పెట్టే హక్కు సంఘాలకి లేదని భారత జంతు సంక్షేమ మండలి స్పష్టంగానే చెప్పింది. అయినా లిఫ్టులో, మెట్ల మీద పక్కవాళ్లకి ఇబ్బంది లేకుండా చూసుకోవాలి, మునిసిపాలిటీలో నమోదు చేయించాలి. నాలుగో అంతస్తు బాల్కనీకి గ్రిల్ లేకపోతే, అది బిగించాకే కుక్క వెళ్తుంది. ఇవన్నీ ఇల్లు కళ్లతో చూస్తేనే తెలుస్తాయి. ఫోన్లో అందరి ఇళ్లూ బాగానే ఉంటాయి.

పై చదువులకి విదేశాలకి వెళ్లబోయే పిల్లలకి ఒక మాట. ఇంకో ఏడాదికి వీసా వస్తుందని తెలిసీ ఇప్పుడు కుక్కని తెచ్చుకోవద్దు. వెంట తీసుకెళ్తాంలే అనుకోవడం కూడా తేలిక కాదు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి వచ్చే ప్రతి కుక్కకీ ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనది ఉంది కాబట్టి ఇక్కడ టీకా వేసిన కుక్కకి మరికొన్ని ధ్రువపత్రాలు, అక్కడ దిగాక గుర్తింపు పొందిన కేంద్రంలో పరీక్ష తప్పవు. దత్తత కోసం ఇక్కడి నుంచి పంపే కుక్కల్ని కెనడా 2022 సెప్టెంబరు 28 నుంచి రానివ్వడమే లేదు. పిల్లలు వెళ్లిపోయాక, ఇంట్లో ముసలి తల్లిదండ్రుల మీద పడిన కుక్కలకి మళ్లీ ఇల్లు వెతికే పని మాకు ఏటా ఆగస్టులో పడుతుంది.

ఇల్లు కుదిరాక మొదటి రోజుల గురించి. ఈ పనిలో ఉన్నవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అంటారు. భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి పట్టుబడటానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. అన్ని కుక్కలూ ఒకలా ఉండవనుకోండి, అయినా ఆ లెక్క చెబితే కొత్తవాళ్లకి ఓపిక వస్తుంది. మొదటిరోజు చుట్టాల్ని, పక్కింటివాళ్లని పిలిచి చూపించొద్దు. మంచం కిందికి దూరితే దూరనివ్వండి. స్నానం తరవాత చేయించొచ్చు. ఆవుపాలు చాలా కుక్కలకి పడవు, విరేచనాలవుతాయి. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఉల్లిపాయ వెయ్యకుండా ఉడికించిన కోడిమాంసం పెట్టొచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ వాటికి విషం. ప్రసాదం కదా అని ఎండుద్రాక్ష వేసిన రవ్వకేసరి పెట్టొద్దు. ఉడికిన కోడి ఎముకలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. మెడలో పట్టీకి మీ ఫోన్ నంబరు రాసి కట్టండి. కొత్త కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి వారంలోనూ, దీపావళి రాత్రీ. టపాసుల మోతకి బెదిరి గేటు దూకిన కుక్కకి తిరిగొచ్చే దారి తెలియదు.

ఇచ్చేటప్పుడు కాగితం మీద ఒక షరతు రాసుకుంటాం. ఏ కారణం వల్లనైనా ఉంచుకోలేకపోతే ఇంకొకరికి ఇవ్వకూడదు, వీధిలో వదలకూడదు, మాకే తిరిగివ్వాలి. పసిబిడ్డకి ఉబ్బసం వచ్చిందనో, బదిలీ అయిందనో, ఇంట్లో పాత కుక్కతో పడలేదనో తిరిగొచ్చినవి ఉన్నాయి. తెచ్చినవాళ్లని ఒక్క మాటా అనం. అంటే తరవాతివాళ్లు భయపడి మాకు చెప్పకుండా రాత్రిపూట ఎక్కడో దింపేస్తారు.

కుక్కని జీవితాంతం పెంచుకునే వీలు అందరికీ ఉండదని నాకు తెలుసు. ఇల్లు దొరికేదాకా రెండు మూడు వారాలు ఒక కుక్కకి చోటివ్వడం చాలామందికి వీలవుతుంది. మూసి ఉండే ఒక మూల, పాత దుప్పటి, రెండు పూటలా తిండి, వేళకి మందు. మా దగ్గర డబ్బు కొరత కంటే, మందుల కొరత కంటే ఈ చోటు కొరత ఎక్కువ. కట్టు విప్పాక ఎక్కడ ఉంచాలో తెలియక బాగయ్యే కుక్కని మళ్లీ రోడ్డు మీద దింపాల్సి వస్తోంది. ఈ వారంలోనే మీ ఊరి పశువుల ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు గారికి మీ పేరు, ఫోన్ నంబరు రాసిచ్చి రండి. ఒక కుక్కని కొన్నాళ్లు ఉంచుకోగలనని, పెద్దదైతే వీలవుతుందో, పిల్లయితే వీలవుతుందో కూడా చెప్పండి. దెబ్బ తగిలినదాన్ని తెచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఆయన్నే.